గంగలో వదిలిన జీడిపండు: చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా ఒక పూట

ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకోవాల్సి వచ్చిందో ముందు చెప్పేస్తాను. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మా డాబా మీది గదిలో కిరాయికి ఉండి ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్న సంధ్య రాస్తోంది. రాసిన ప్రతి ముక్కా నాకు చదివి వినిపించాకే లోకానికి చూపించాలని ముందే ఒప్పందం చేసుకున్నాం. ఎందుకంటే ఇది షికారు కబుర్లు కాదు, నా మీద పడ్డ ఒక నిందకు జవాబు. కాశీ వెళ్ళొచ్చి, అక్కడ వదిలిన పండు గురించి నాలాగే ఎవరికైనా అనుమానం వస్తే, ఊరు దాటక్కర్లేదు. చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ తిరిగితే పొద్దు వాలేలోపు తేలిపోతుంది. నాకు తేలింది.

పోయిన చలికాలం నేనూ మా తోడికోడలు అనసూయా కాశీ వెళ్ళాం. కాశీ వెళ్తే ఒక పండూ ఒక కూరా అక్కడ వదిలి రావడం మనవాళ్ళ ఆచారం. వదిలింది మళ్ళీ ప్రాణం ఉన్నంతవరకూ నోట పెట్టకూడదు. చాలామంది ఎలాగూ తినని పండు పేరొకటి చెప్పేసి చేతులు దులుపుకుంటారు. నాకు అది చేతకాదు. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉంటే పంతులుగారు “ఫలం పేరు చెప్పమ్మా” అన్నారు. “జీడిపండు” అన్నాను. నా పక్కన అనసూయ “మామిడిపండు” అంది. నాది ఉద్దానం. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్కన జీడితోటల మధ్య పుట్టాను. ఎండాకాలం వస్తే మాకు అన్నం కన్నా జీడిపండే ఎక్కువ. ఎర్రవీ పసుపువీ చెట్ల నిండా బుడగల్లా వేలాడేవి, ప్రతిదాని కిందా వంకర గింజ ఒకటి. కొరికితే రసం మోచేతి దాకా కారేది, బట్ట మీద పడితే ఆ మరక చాకిరేవుకి వెళ్ళినా పోయేది కాదు. ఉప్పు అద్దుకొని తింటే గొంతు పట్టేసేది, అయినా వదిలేవాళ్ళం కాదు. పెళ్ళై ఈ ఊరొచ్చాక కూడా వేసవికి పుట్టింటికి వెళ్ళేది అమ్మ కోసం ఎంతో జీడిపళ్ళ కోసం అంతే. దానికన్నా ఇష్టమైన తిండి నాకు ఈ భూమ్మీద లేదు. అందుకే అది వదిలాను.

గొడవ ఈ మే నెలలో మొదలైంది. సంధ్య మెట్ల మీద కూర్చొని పాఠం బయటికి చదువుతుంది, అలా చదివితేనే దానికి బుర్రకెక్కుతుంది. ఆ రోజు పళ్ళూ విత్తనాల పాఠం. “జీడిమామిడిలో మనం పండుగా తినే భాగం నిజమైన ఫలం కాదు. అది ఉబ్బిన పూకాడ. పెంకుతో ఉండే గింజే అసలు ఫలం” అని గొంతెత్తి చదివింది. సరిగ్గా అప్పుడే అనసూయ కూరల సంచితో పైకి వస్తోంది. మేమిద్దరం అన్నదమ్ముల భార్యలం, ఒకే బిల్డింగులో నేను కిందా అది మొదటి అంతస్తులోనూ ఉంటాం. మెట్టు మీద ఆగిపోయి, “అక్కా, విన్నావా?” అని నా తలుపు దగ్గరికొచ్చింది. “నువ్వు గంగలో వదిలింది కాడట! పండు కాదట! నేను బంగారం లాంటి మామిడిపండు వదులుకొని కూచున్నాను. నువ్వేమో ఊళ్ళో దొరకని దాన్ని వదిలావు, పోనీ అనుకున్నాను. అది పండే కాదని ఇప్పుడు పుస్తకంలోనే ఉంది.”

“కాడ తినడానికి నేనేమైనా మేకనా?” అన్నాను.

“ఆ మాట పుస్తకాన్ని అడుగు. ఇంకో సంగతి. గింజే పండైతే, కాశీ నుంచి వచ్చిన దగ్గర్నుంచి ఉప్మాలో, పాయసంలో, పులిహోరలో నువ్వు నమిలింది ఏమిటి?”

మనసులో లెక్క వేసుకున్నాను. అటు చూస్తే నేను ఏ పండూ వదల్లేదు. ఇటు చూస్తే వదిలిన పండే రోజూ తింటున్నాను. ఏ వైపు పడ్డా మాట తప్పినట్టే. “ఆదివారం సత్యనారాయణ వ్రతం ఉంది. ఈలోపు ఇది తేల్చుకో అక్కా. ప్రసాదం నువ్వు చెయ్యాలో వద్దో అప్పుడు చూద్దాం” అనేసి వెళ్ళిపోయింది. మా బిల్డింగులో వ్రతం ఎవరింట్లో జరిగినా ప్రసాదం నా చేతిదే. దానికన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. చదువుకున్నవాళ్ళకు సంతకం ఉంటుంది. బ్యాంకులో, రిజిస్ట్రీలో, ఎక్కడికి వెళ్ళినా నాది వేలిముద్ర. నాకంటూ ఉన్న సంతకం నా నోటి మాటే. అది చెల్లదంటే నేను ఎవరిని?

సంధ్య ముఖం చిన్నబుచ్చుకుంది. “అమ్మమ్మా, నేను ఊకెనే చదివిన. పుస్తకంల గట్లనే ఉంది” అంది. దానిది నల్గొండ వైపు పల్లె. “నీ పుస్తకానికి ఈ ముక్క ఎవరు చెప్పారో వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళు” అన్నాను. ఆ శుక్రవారం పొద్దున్నే బయలుదేరాం. గుడ్డ సంచిలో ఒక పళ్ళెం, ఒక చాకు, కోసింది తినడానికి ఉప్పు పొట్లం పెట్టుకున్నాను. కోసి చూడకుండా ఏ సంగతీ నమ్మే అలవాటు నాకు లేదు.

ఎండలు మండుతున్నాయి కాబట్టి ఏడు కాకముందే బయటపడటం మంచిది. ముందు చిక్కడపల్లి కూరగాయల మార్కెట్టుకి వెళ్ళాం. మా సందు నుంచి నడకే, మెట్రో స్తంభాల నీడలో పోతే తల మాడదు. అక్కడ యాదమ్మ అని నాకు చాలా ఏళ్ళుగా కూరలమ్మే మనిషి ఉంది. చదువు సంగతి పక్కన పెట్టి ముందు లోకం ఏమంటుందో వినాలనిపించింది. “యాదమ్మా, పండంటే ఏమిటి?” అని అడిగాను.

ఆమె టమాటాల మీద నీళ్ళు చల్లుతూ, “ఏందమ్మా పొద్దుగాల్నే? తియ్యగుంటె పండు, కూరకొస్తె కాయ. గింతే” అంది.

“మరి చింతపండు తియ్యగా ఉంటుందా?”

చల్లే చెయ్యి ఆగింది. “అది... పులుసుకొస్తది.”

“పండుమిరపకాయ?”

“అమ్మా, నువ్వు కొననీకొచ్చినవా, నా మీద కోర్టు వెట్టనీకొచ్చినవా?” అంది. పక్క బండివాళ్ళు నవ్వారు. ఇంతలో సంధ్య మెల్లగా, టమాటా, వంకాయ, బెండకాయ, దోసకాయ, మిరపకాయ అన్నీ ఫలాలేనని పుస్తకం ప్రకారం చెప్పింది. యాదమ్మ దాన్ని ఎగాదిగా చూసి, “అట్లయితే నేను పండ్ల దుకాణం పెట్టుకున్నన్నట్టు. రేపటి సంది పండ్ల రేటు పెడత” అంది. ఆ నవ్వుల్లోనే ఇరవై రూపాయలకు ఒక బీరకాయ, ఒక వంకాయ, రెండు టమాటాలు, ఒక మిరపకాయ ఏరి ఇచ్చింది. బీరకాయ చివర ఎండిన పువ్వు ఇంకా అంటుకొనే ఉంది. తుంచబోతే సంధ్య ఆపింది. “అది ఉండనీ అమ్మమ్మా, సార్‌కు చూపిద్దాం.” పక్క బండి మీద ఒక మామిడిపండు, ఒక దానిమ్మ తీసుకున్నాం.

అక్కణ్ణుంచి అశోక్‌నగర్ వైపు లైబ్రరీ దాకా నడిచాం. నా మోకాళ్ళతో అయితే మధ్యలో ఒకసారి కూర్చోవాలి, మీకైతే అక్కర్లేదు. తెల్లారకముందే అక్కడ చెట్ల కింద పిల్లలు పుస్తకాలు పట్టుకొని కూర్చుంటారు. ఊళ్ళ నుంచి వచ్చి, హాస్టళ్ళలో ఉంటూ, ఒక్క ఉద్యోగం కోసం ఏళ్ళ తరబడి చదివేవాళ్ళు. బయట టిఫిన్ బండి దగ్గర నలభై రూపాయలకు నాలుగు ఇడ్లీలు, అల్లం చట్నీ గొంతు మండేలా చేస్తాడు, బాగుంటుంది. సంధ్యకు వృక్షశాస్త్రం చెప్పే సారు పొద్దుటి క్లాసు అయ్యాక అక్కడికే టీ తాగడానికి వస్తాడట. వరంగల్ మనిషి, తల నెరవడం మొదలైంది. నా సంగతంతా నవ్వకుండా విన్నాడు. అందుకే ఆయన మీద నాకు గురి కుదిరింది. “సారూ, నాకు చదువు లేదు. కాబట్టి నాకు అర్థమయ్యేలా మీరే చెప్పాలి. పండంటే ఏమిటి? గింజంటే ఏమిటి?” అన్నాను.

ఆయన నా సంచిలోంచి బీరకాయ తీశాడు. “ఈ ఎండిన పువ్వు చూడమ్మా. పువ్వు విచ్చినప్పుడు దాని కింద వేలెడు కాయ ఉంటది గదా. అది పువ్వు గర్భం అనుకో. లోపల చిన్న చిన్న అండాలుంటయ్. పుప్పొడి చేరినంక అండాలు గింజలైతయ్, వాటిని మోసే గర్భం పెరిగి ఫలమైతది. తియ్యగుందా, చేదుగుందా, కూర చేస్తమా, పారేస్తమా అని మా శాస్త్రం అడగదు. ఎక్కడి నుంచి వచ్చిందనేదే అడుగుతది.”

గర్భం అంటే నాకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. పళ్ళెం బల్ల మీద పెట్టి ఒక్కొక్కటీ కోశాను. పిల్లలు ఒకరొకరే పుస్తకాలు మూసి చుట్టూ చేరారు. మిరపకాయలో తెల్లటి గోడను పట్టుకొని గింజలు వేలాడుతున్నాయి, అదీ ఫలమే. మామిడిపండును టెంక తగిలేదాకా కోస్తే సారు వేలుపెట్టి చూపించాడు. పైతొక్క ఒక పొర, తినే గుజ్జు ఒక పొర, గట్టి టెంక ఇంకో పొర, మూడూ ఆ ఒక్క గర్భం గోడే. టెంక పగలగొడితే లోపల ఉండేదే గింజ. “అయితే టెంక గింజ కాదా?” అన్నాను. కాదట. ఇన్నేళ్ళూ టెంకనే గింజ అనుకున్నాను. కొబ్బరికాయ కూడా మామిడి వరసేనట. మామిడిలో గుజ్జు ఉండే చోట దానికి పీచు ఉంటుంది, టెంక ఉండే చోట పెంకు ఉంటుంది. మనం కోరుకొని తినే కొబ్బరి గింజలోది. దానిమ్మలో మనం నమిలే ఎర్రటి రసం గింజ మీది తొక్కేనట. పనసపండైతే ఒక్క పండే కాదు, గుత్తిలోని పూలన్నీ కలిసి ఒకటైన ఊరు లాంటిదట, తొనకొక పువ్వు. సీతాఫలమేమో ఒక్క పువ్వులోనే ఎన్నో గర్భాలు ఉండి అన్నీ అతుక్కుపోయినదట. ధనియాలు కూడా ఫలాలేనంటే పోపుల పెట్టె తలుచుకొని నవ్వొచ్చింది.

“వడ్లగింజ సంగతి చెప్పండి సార్” అన్నాడు నరేశ్ అనే కుర్రాడు. పాలమూరు నుంచి వచ్చాడు, మహా అల్లరి. సారు తల పట్టుకొని, అదీ ఫలమేనని చెప్పాడు. అందులో ఫలం గోడా గింజ తొక్కా విడదీయలేనట్టు అతుక్కుపోయి ఉంటాయట. “అంటే అమ్మమ్మా, ఏకాదశి నాడు నువ్వు ఫలహారం అని అన్నం తినొచ్చు!” అన్నాడు వాడు.

“తిని, ద్వాదశి నాడు నీ ముఖం చూసి పారణ చేస్తాన్లే” అన్నాను. అందరూ గొల్లుమన్నారు. నవ్వాను గానీ, ఆ మాట నా లోపల ఒకచోట గుచ్చుకొని ఉండిపోయింది. శాస్త్రం అన్నాన్ని పండు అంది. అది అబద్ధం కాదు. అయినా ఉపవాసం నాడు నేను అన్నం తినను. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతున్నాయి?

ఇక జీడిపండు దగ్గరికి వచ్చాం. సారు ఏమీ దాచలేదు. “మీ తోడికోడలు చెప్పింది నిజమేనమ్మా. పువ్వు గర్భం ఎదిగి పెంకు గింజైతది, అదే ఫలం. పువ్వును మోసిన కాడ తర్వాత ఉబ్బి, రంగు తేలి, రసం పడుతది. దాన్నే మీరు పండంటున్నరు. మీకు యాదికుందో లేదో, చెట్టు మీద ముందు గింజే పెద్దగైతది. వెనకాల కాడ ఉబ్బుతది.”

నా చేతిలో చాకు ఆగిపోయింది. అవును. ముందు ఆకుపచ్చ గింజ ఒక్కటే సన్నటి కాడకు వేలాడేది. తర్వాతెప్పుడో దాని నెత్తిన బుడిపెలా మొదలై బుడగయ్యేది. గింజ పెద్దదై పండు చిన్నదిగా ఉన్నప్పుడు “ఇంకా కోయకే” అని అమ్మ కేకలేసేది. వేసవి వేసవికీ చూశాను. ఏ పండుకైనా గింజ లోపల ఉంటే దీనికొక్కదానికే బయట ఎందుకు వేలాడుతోందని ఒక్కనాడూ అడగలేదు. “కాడకి అంత తీపి ఎందుకు సారూ?” అని ఇప్పుడు అడిగాను. గబ్బిలాలూ కోతులూ పక్షులూ దాని కోసం వచ్చి, ఎత్తుకుపోయి, తిని, గింజను దూరంగా పడేస్తాయట. గింజ పెంకులో నోరు కాల్చే నూనె ఉంటుంది కాబట్టి దాని జోలికి పోవట. అంటే చెట్టు తన బిడ్డను మోయించడానికి కూలి ముందే కట్టి పంపిందన్నమాట. ఆ తెలివికి నాకు ముచ్చటేసింది. అనసూయ మీద కోపం కూడా కాసేపు మరిచిపోయాను.

నరేశ్ మాత్రం మరవలేదు. “సార్, మనం తినే జీడిపప్పు పెంకు లోపలి గింజ గదా? ఫలం కాదు గదా? అట్లయితే అమ్మమ్మ ఫలం వదిలేసింది, గింజ తింటుంది. కేసు గెలిచినట్టే!” అన్నాడు. ఇంకో పిల్ల అందుకొని, “అసలు మామిడి వదిలిన ఆమె ఆవకాయ తింటదా అమ్మమ్మా? పచ్చికాయ గుడ అదే ఫలం గదా, టెంకతో సహా!” అంది. చుట్టూ చప్పట్లు. రెండు కత్తులు నా చేతికొచ్చాయి. ఒకటి నన్ను కాచేది, ఒకటి అనసూయను కోసేది. అయినా నాకు సుఖంగా అనిపించలేదు. లాయర్లు గెలిచినట్టు గెలిస్తే నింద పోతుందేమో గానీ, నీళ్ళలో నిలబడి నేను అన్న మాట నిలిచిందో లేదో తేలదు.

అప్పుడు నరేశే ఫోన్ తీసి, “ఇది చూడు అమ్మమ్మా. మొన్న నారాయణగూడ మార్కెట్ కాడ ముంజలు అమ్మేటాయన దగ్గర తీసిన. ఏందో వంకరగున్నయని ఫొటో కొట్టిన” అన్నాడు. చూశాను. ఎర్రగా, నున్నగా, కింద గింజ వేలాడుతూ. ఈ ఊళ్ళో ఇన్నేళ్ళలో ఎప్పుడూ నా కంటపడలేదు. వెంటనే లేచాను.

అశోక్‌నగర్ నుంచి నారాయణగూడకి ఆటో ఎనభై అడిగి డెబ్బైకి ఒప్పుకున్నాడు. బస్సుకి చుట్టు తిరగాలి, ఎండ ముదిరింది కాబట్టి ఆటోయే నయం. ఎక్కడికి, ఎందుకని డ్రైవర్ అడిగితే సంధ్య చెప్పింది. “జీడిపప్పు చెట్టుకు పండు గుడ ఉంటదా? నేను పప్పు ఒక్కటే కాస్తదనుకున్న” అన్నాడు. “అయితే నువ్వూ దిగి చూడు నాయనా” అన్నాను. ఆటో పక్కకు పెట్టి నిజంగానే వెంట వచ్చాడు.

మార్కెట్టు మొదట్లోనే ఉన్నాడు ముంజలాయన. అశ్వారావుపేట వైపు నుంచి రాత్రి బస్సులో ముంజలు తెచ్చుకుంటాడట. తాటికాయ లోపల ముదరని గింజే ముంజ అని సంధ్య చెబుతుంటే ఆయన “నేను చిన్నప్పట్నుంచి కొడుతున్నా, నాకు చెప్తున్నావా పాపా” అని నవ్వాడు. ముంజల గెలల వెనక చిన్న వెదురుబుట్టలో ఆకులు కప్పి ఉన్నాయి జీడిపళ్ళు. “ఇవి ఇక్కడ ఎవరూ కొనరమ్మా. గొంతు పడుతుందని ఒకసారి తిన్నోళ్ళు మళ్ళీ రారు. మా తోటల్లో గింజ తీసుకొని పండు పారబోస్తాం. ఊరికే కొన్ని తెచ్చాను, సాయంత్రానికి కుళ్ళిపోతాయి” అన్నాడు. యాభైకి ఆరు ఇచ్చాడు.

ఆకు తొలగించగానే వాసన వచ్చింది. ఎలా చెప్పను? కొంచెం తీపి, కొంచెం పులిసిన కల్లు, కొంచెం ఎండకు కాగిన ఇసక. నా నోరు ఊరింది. నాలుక రెండు పక్కలా, దవడల కింద, నొప్పెట్టేంతగా ఊరింది. చేతులు వాటంతటవే ఉప్పు పొట్లం విప్పాయి. గింజను మెలితిప్పి తీశాను, అది మాత్రం పంటితో కొరకకూడదు, పెదాలు పొక్కుతాయి. పండును నాలుగు ముక్కలు చేసి, ఉప్పు చల్లి, పళ్ళెం సంధ్యకిచ్చాను. అది కొరికి కళ్ళు మూసుకుంది. “మొదలు మస్తు తియ్యగుంది అమ్మమ్మా... అయ్యో, గొంతు గుంజుతుంది!” డ్రైవర్ ఒక ముక్క తిని దగ్గి, రెండోది తిన్నాడు. మూడోది కూడా తిన్నాడు.

“నువ్వు తినవా?” అంది సంధ్య.

“నేను వదిలాను కదే.”

సంధ్య మూతి తుడుచుకొని నా ముఖంలోకి చూసింది. “అమ్మమ్మా, అది పండు కాదని సారే చెప్పిండు గదా. కాడనే. నువ్వు కాడ వదల్లే, పండు వదిలినవ్. పుస్తకం ప్రకారం నువ్వు తినొచ్చు.” డ్రైవర్ కూడా, “పుస్తకమే చెప్పినంక ఇంకేందమ్మా? ఒక్క ముక్క తిను. మల్ల దొరుకుతదో లేదో” అన్నాడు. ముంజలాయన కత్తి పక్కన పెట్టి చూస్తున్నాడు.

నిజం చెబుతున్నాను, పళ్ళెం మీదికి నా చెయ్యి వెళ్ళింది. ఈ వయసులో ఇంకో వేసవి ఉంటుందని ఎవరు రాసిచ్చారు? ఈ ఊళ్ళో ఇంకోసారి కనబడుతుందని ఎవరు చెప్పగలరు? శాస్త్రం తలుపు తీసి పట్టుకొని రమ్మంటోంది. ముక్క నా వేళ్ళకు చల్లగా తగిలింది. అప్పుడు నాకు గంగలో నిలబడ్డ పొద్దు గుర్తొచ్చింది. చలికి పళ్ళు కొట్టుకుంటుంటే “జీడిపండు” అన్నాను. ఆ క్షణాన నా నోట్లో ఊరింది ఈ రసమే. గింజ కాదు, పెంకు కాదు, పప్పు కాదు. నేను వదిలిందేమిటో ఏ పువ్వులో ఏ భాగం ఉబ్బిందో చూస్తే తెలియదు, ఇప్పుడు ఊరుతున్న ఈ నోటికి తెలుసు. ముక్క పళ్ళెంలో పెట్టేశాను. “శాస్త్రానికి ఇది కాడ. నాకు ఇదే పండు. నేను వదిలింది దీన్నే” అన్నాను. డ్రైవర్ మిగిలిన పళ్ళను తన తువ్వాల్లో మూటగట్టి నా సంచిలో పెట్టాడు.

తిరుగు ప్రయాణానికి నారాయణగూడ నుంచి చిక్కడపల్లి మీదుగా వెళ్ళే బస్సు ఎక్కాం. ఆడవాళ్ళు ఆధార్ చూపిస్తే టికెట్టుకు డబ్బులు అక్కర్లేదు. పన్నెండు కొట్టేసరికి ఇంట్లో ఉన్నాం. కాళ్ళు కడుక్కొని సరాసరి మొదటి అంతస్తు ఎక్కాను.

అనసూయ ఒక్కతే ఉంది. జీడిపండు కోసి, ఉప్పు వేసి ముందు పెట్టాను. “నేను వదిలిన కాడ ఇదే. తిను” అన్నాను. అనుమానంగా కొరికింది. రసం గడ్డం మీదికి కారింది. గొంతు పట్టేసి రెండు నిమిషాలు మాట్లాడలేకపోయింది. ఆ రెండు నిమిషాలూ నేను వాడుకున్నాను. సారు చెప్పిందంతా, నీదే నిజమన్న మాటతో సహా చెప్పాను. పళ్ళెం దాకా చెయ్యి వెళ్ళి వెనక్కొచ్చిన సంగతీ చెప్పాను. “అందుకని జీడిపప్పు తింటాను, ఆదివారం కేసరిలో దండిగా వేస్తాను. జీడిపండు మాత్రం నోట పెట్టను. నీకు అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పు” అన్నాను.

పోట్లాడుతుందనుకొని కొంగు బిగించాను. ఆమె మాత్రం పళ్ళెం పక్కకు జరిపింది. మెల్లగా అడిగింది. “అక్కా, ఆ సారు... ఆవకాయ గురించి ఏమైనా అన్నాడా?”

అప్పుడు చూశాను. గట్టు మీద కొత్త ఆవకాయ జాడీ, వాసెన గుడ్డ కట్టింది కట్టినట్టే ఉంది. పెట్టి మూడు వారాలైంది. ఈపాటికి సగం అయిపోవాలి మా అనసూయ చేతిలో.

“తెరవలేదా?” అన్నాను.

“భయమేసింది. పచ్చికాయ మాత్రం మామిడి కాదా అని. పాత జాడీ కాశీ నుంచి వచ్చాక కూడా తిన్నాను. ఎవరినీ అడగలేకపోయాను. సంధ్య పాఠం వినగానే, నీదీ తప్పే అయితే నాకు తోడుంటావనిపించింది.”

“తోడు కావాలంటే అడగాలి గానీ, నెత్తిన బండ వేస్తావటే!” అని అరిచాను. కాసేపు గట్టిగానే అరిచాను, కింద వాళ్ళకు వినపడి ఉంటుంది. లైబ్రరీ దగ్గర ఆ పిల్ల ఇచ్చిన కత్తి నా కొంగుముడిలోనే ఉంది. పచ్చికాయా అదే ఫలం అని ఒక్క మాటంటే చాలు, ఆ జాడీ ఆమె జన్మలో తెరవదు. ఆమె కళ్ళు చూశాక ఆ మాట రాలేదు. “సారు శాస్త్రం ఆయనది. నేను అడిగేది వేరు. గంగలో ‘మామిడిపండు’ అన్నప్పుడు నీ నోట్లో ఏం ఊరింది?”

ఆమె కళ్ళు మూసుకుంది. “బంగినపల్లి. బాగా మాగింది.”

“ఆవకాయ ఊరలేదు కదా?”

“చలిలో, నీళ్ళలో... ఆవకాయ ఎక్కడ గుర్తొస్తుంది అక్కా?”

“అయితే ఆ బంగినపల్లే వదిలావు. జాడీ దించు, నాకు ఆకలేస్తోంది.” వాసెన గుడ్డ విప్పింది. కొత్త ఆవ ఘాటుకి ఇద్దరికీ కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. వేడి అన్నంలో కలిపి మొదటి ముద్ద నాకే పెట్టింది.

ఇన్నేళ్ళు వంటింట్లో కోసి, గిల్లి, వలిచి పారేసినవన్నీ ఎవరి గర్భాలో, ఎవరి బిడ్డలో ఆ పూటే తెలిసింది. ఇప్పుడు బెండకాయ కోస్తే అడ్డంగా కోసి, గదులెన్ని ఉన్నాయో చూసి గానీ బాణలిలో వెయ్యడం లేదు. సారు చెప్పిన దాంట్లో ఒక్కటీ కాదనను. చెట్టు సంగతి చెట్టుకే తెలుసు, దాన్ని చదివినవాళ్ళు మనకు చెబుతారు, వినాలి. కానీ మనిషి మాట ఎక్కడ పుట్టిందో కూడా ఎవరైనా కోసి చూడాలి కదా. నాది నాలుక కింద పుట్టింది. అక్కడికి ఏ పుస్తకమూ నాకన్నా ముందు వెళ్ళలేదు.

మీకు ఉపయోగపడే మాట ఒకటి చెప్పి ముగిస్తాను. కాశీకి టికెట్టు కొన్నాక, వదలాలనుకున్న పండు ఒకటి తెచ్చుకొని, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చొని పూర్తిగా తినండి. పండో, కాయో, ఊరగాయో, పప్పో, దేని దగ్గర మీ నోరు ఊరిందో అక్కడే తేల్చుకోండి. ఆ రుచి నోట్లో ఉండగానే రైలెక్కండి.